పానకం కుండకు పెట్టిన గురి

నరసింహస్వామి అంతటివాడు వేటకని బయలుదేరి, అటు వేటా లేక, ఇటు పానకమూ లేక, సరుగుడు తోపులో పల్లకీ మీద దిక్కులు చూస్తూ కూర్చోవలసి వచ్చిందంటే, అందుకు కారణం నేను. స్వామి నన్ను క్షమించాడో లేదో తెలియదు. ఆ ఊరి వాళ్ళు మాత్రం క్షమించలేదు, మరిచిపోనూ లేదు. ఇప్పటికీ అక్కడ బస్సు దిగితే, టీ అంగడి దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు నన్ను చూసి గబుక్కున గ్లాసులు ఎత్తుకుంటారు. ఇంతటి ఘనకార్యం పరాయి నోట వినడం కన్నా నా నోటే వింటే మీకూ మర్యాద, నాకూ మర్యాద.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. మాది మనుబోలు పక్కన పల్లె. నెల్లూరులో బీయే ముగించి, ఉద్యోగం లేక, సేద్యం రాక, తల మాత్రం నున్నగా దువ్వుకుని తిరుగుతున్నాను. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, రమణయ్య. ఆయనది కోట అనే బస్తీ దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. పటాలంలో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు. ఇంట్లో ఉప్పు అడిగినా కవాతు మైదానంలో కేక పెట్టినట్టే అడుగుతాడు. ఆయనకు ఒక్కతే కూతురు, కామాక్షి. ఆమె నాకు వరసకు మరదలు. వరస సంగతి సరే, మనువుకు కూడా ఆ మరదలే కావాలని నా కోరిక. పక్కనుంచి పోతూ ఆమె "ఏం బావా" అంటే చాలు, నేను చదివిన బీయే అంతా తుడుచుకుపోయేది.

మామకు మా సంబంధం ఇష్టమే. కానీ ఆయనకొక చిక్కుంది. ఆ ఊళ్ళో విజయదశమి నాడు పార్వేట జరుగుతుంది. సాయంత్రం స్వామిని పల్లకీలో సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోపుకు వేటకు తీసుకుపోతారు. అక్కడొక గుంజకు బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తారు. కాయలో కుంకుమ నీళ్ళు పోసి మూతి మూసి ఉంచుతారు. స్వామి తరఫున ఒకరు తుపాకీతో దాన్ని కొట్టాలి. ఎర్రనీళ్ళు కారితే వేట అయినట్టు. ఆ కొట్టే హక్కు తాతల నాటి నుంచీ మామ ఇంటిది. ఇప్పుడేమో ఆయన కళ్ళకు పొర కమ్మింది. పాత తుపాకీ తుప్పు పట్టి మూలపడింది. ఎదురు వీధి చెంగయ్య, స్వామికి పానకం పోసే ఇంటి పెద్ద, ఆ హక్కు మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడు.

"మీ ఇంట్లో తుపాకి పట్టేదానికి మొగోడు యాడుండాడు రమణయ్యా? ఆ పని మా ఇంటికి ఇచ్చేయరాదా, పానకం పోసే చేత్తోనే అదీ చేస్తాం" అని నలుగురిలో అన్నాడట.

మామకు ఒళ్ళు మండింది. మా ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడే తీర్పు చెప్పేశాడు. "అక్కా, విను. ఈ పార్వేటకి గుమ్మడికాయ కొట్టినోడికే నా కామాక్షి. మేనల్లుడైనా సరే, ఇంకోడైనా సరే. ఏరా పెంచలా, చదివినావు సరే, గురి చూసి కొట్టేది వస్తాదా?"

"ఓ, వస్తాది మామా" అన్నాను.

నేను అంతవరకు గురి చూసి కొట్టింది మామిడికాయలనే. అవి కూడా ఎవరివో కాబట్టి, తగిలాయో లేదో చూడకుండా పరిగెత్తేవాణ్ణి.

మర్నాడే నెల్లూరు పోయి పాత సామాన్ల అంగడిలో ఒక గాలి తుపాకీ కొన్నాను. మందు, అగ్గి ఏమీ లేకుండా, లోపలి స్ప్రింగు తోసే గాలితో పెసరగింజంత సీసపు గుండు కొట్టే రకం. దానికి నాకన్నా వయసెక్కువ. చెక్క మీద ఏ దొరగారి కుక్కో కొరికిన గుర్తులున్నాయి.

"గురి ఎట్టుంటాది సాయిబూ?" అని అడిగాను.

"గురి తుపాకీలో యాడుంటాది సామీ? మన కంట్లో ఉంటాది" అన్నాడు అంగడి సాయిబు. ఇంత గొప్ప మాట అన్నవాడి దగ్గర బేరం ఎలా ఆడను? పైగా ఆ మాటకు అర్థం 'కొన్నాక నన్నడగొద్దు' అని నాకప్పుడు తెలియలేదు.

ఇంటికి తెచ్చి, పెరటి గోడ మీద ఒక వంకాయ నిలబెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టాను. వంకాయ కదలలేదు. దానికి మూరెడు కుడిపక్కన దండెం మీద ఆరేసిన నాయన పంచకు చిల్లు పడింది. మళ్ళీ కొట్టాను. ఆ చిల్లు పక్కనే ఇంకో చిల్లు. మూడోసారీ అంతే. ఎన్నిసార్లు కొట్టినా వంకాయ క్షేమంగా ఉంది, పంచ మాత్రం జల్లెడగా మారింది.

సాయంత్రం నాయన ఆ పంచ మడత విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. "ఏమ్మే, ఇదేంది, కొత్త పంచకి బొక్కలు?"

"ఎలకలు కొరికుంటాయి" అంది అమ్మ నా వైపు చూడకుండా.

"దండెం మీద పంచని ఎలక ఎట్టా కొరికింది?"

"ఎగిరి కొరికుంటాది."

ఆ రోజు నుంచి నేను తుపాకీని బాగుచేసే పనిలో పడ్డాను. మీరిక్కడ ఒక సంగతి గమనించాలి. తుపాకీ గురించి నాకు ఏమీ తెలియదు. ఏమీ తెలియనివాడికి ధైర్యం ఎక్కడ తక్కువవుతుంది చెప్పండి? లోపల తుప్పు పట్టి ఉంటుంది, నూనె పోస్తే గుండు వంకర పోకుండా జారుతుందని నాకు తోచింది. వంటింట్లో మంచినూనె ఉంది. గానుగ నుంచి అప్పుడే తెచ్చింది. ఒక గరిటెడు పోశాను. చాలదేమోనని ఇంకో గరిటెడు పోశాను.

గాలి తుపాకీలో స్ప్రింగు బలంగా తోసినప్పుడు లోపలి గాలి వేడెక్కి నూనెను అంటించేస్తుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. మీట నొక్కగానే 'ఢాం' అని ఊరంతా దద్దరిల్లే మోత వినిపించింది. నా చుట్టూ నీలంగా పొగ కమ్మింది. కొట్టంలో గేదె తలుగు తెంచుకుని పోయి చెరువులో పడింది. అమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. పొగలోంచి కమ్మటి వాసన వస్తుంటే పక్కింటి పిచ్చమ్మత్త గోడ మీదుగా తల పెట్టింది.

"ఏం వదినా, పండగ గాదు పబ్బం గాదు, వడలు కాలస్తన్నావా?"

"నా కొడుకు కాలస్తన్నాడు" అంది అమ్మ.

నూనె కారిపోయేదాకా తుపాకీని తలకిందులుగా వేలాడదీశాం. పెరట్లో చీమలన్నీ దాని కిందే కాపురం పెట్టాయి. గురి మాత్రం మారలేదు, మూరెడు కుడికే పోతోంది.

అయితే తప్పు లోపల ఉన్నట్టు లేదు, గొట్టంలోనే ఉందనుకున్నాను. ఈ జాతి తుపాకీని నడుం దగ్గర విరిచి, గుండు పెట్టి, మళ్ళీ మూసి కొట్టాలి. విరిచి ఉన్నప్పుడు మీట నొక్కకూడదు. ఈ సంగతి లోకంలో నాకు తప్ప అందరికీ తెలుసని తర్వాత తెలిసింది. విరిచిన గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూస్తూ, వేలు ఊరికే ఉండలేక మీట నొక్కాను. గొట్టం ఒక్క ఊపున పైకి లేచి నా గడ్డం మీద తన్నింది. నేను వెల్లకిలా పడ్డాను. లేచి చూసుకుంటే నాకు గడ్డం వాచింది, తుపాకీకి గొట్టం ఆకాశం వైపు వంగింది.

"ఇప్పుడది పిట్టల్ని కొట్టేదానికి బో పనికొస్తాది, పైకి చూస్తా ఉండాది గదా" అన్నాడు నాయన. పంచ సంగతి ఆయనకు తెలిసిపోయిందని నాకు అప్పుడర్థమైంది.

వంగిన గొట్టాన్ని బండి చక్రం ఆకుకర్రల మధ్య దూర్చి కిందికి లాగాను. ఎక్కువ లాగేశాను. అటు తిప్పి మళ్ళీ లాగాను. ఒకరోజు గుండ్లు వంకాయ మీదుగా పోయి పిచ్చమ్మత్త పెరట్లో పడ్డాయి. ఇంకోరోజు నా కాళ్ళ ముందరే పడ్డాయి. ఆ చక్రంతో ఎన్ని రోజులు కుస్తీ పట్టానో నాకే గుర్తులేదు. చివరికి తుపాకీ ఒక దారికి వచ్చింది. ఏ దారికి వచ్చిందనుకుంటున్నారు? కొన్ననాడు ఎలా కొట్టిందో అలాగే, సరిగ్గా మూరెడు కుడికి.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. పార్వేట దగ్గర పడుతోంది. కామాక్షి ఇంకెవరి ఇంట్లోనో ముగ్గు వేస్తున్నట్టు కళ్ళ ముందు కనబడింది. నిజంగానే నాకు ఏడుపొచ్చింది. అంత దుఃఖంలో ఒక ఆలోచన మెరిసింది. ఈ తుపాకీ మూరెడు కుడికి కొడుతుంది. సరే, కొట్టనీ. నేను మూరెడు ఎడమకు గురి పెడితే?

పెట్టాను. వంకాయ ఎగిరిపోయింది!

ఆ తర్వాత మా పెరట్లో ఒక్క వంకాయ బతకలేదు. కాయకు మూరెడు ఎడమన ఏ గడ్డిపోచో చూసుకోవడం, దానికి గురి పెట్టడం, కాయను కొట్టడం. తుపాకీని బాగుచేయలేనివాణ్ణి నన్ను నేను బాగుచేసుకున్నాను. ఎంతగానంటే, నీళ్ళచెంబు అందుకోబోయినా నా చెయ్యి మూరెడు ఎడమకే పోయేది. ఈ కిటుకు మాత్రం ఎవరికీ చెప్పలేదు. వంకర తుపాకీ కొన్నానని మామకు తెలిస్తే పరువు పోతుంది కదా.

మహర్నవమి నాడు మామ ఇంటికి చేరాను. ఆయుధపూజకు వాకిట్లో నాగలి, కొడవళ్ళు, గొడ్డలి, మామ పటాలం బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. కామాక్షి చెయ్యి చాచింది.

"ఇట్టియ్యి బావా. తుడిచి బొట్టు పెడతా."

"జాగ్రత్త. దాన్ని ఊరికే అటూ ఇటూ ముట్టుకోబాకు."

"ముట్టుకోకుండా బొట్టు ఎట్టా పెట్టేది? గాల్లో పెట్టాల్నా?"

తుపాకీ ఇచ్చి మామతో సముద్రానికి స్నానానికి పోయాను. తిరిగి వచ్చేసరికి అది పసుపు కుంకాలతో, బంతిపూల దండతో పెళ్ళికూతురిలా ఉంది. కామాక్షి నా పక్కకొచ్చి మెల్లగా, "బావా, రేపు నువ్వేం దిగులు పడబాక. గుమ్మడికాయ నడిమధ్యకి చూడు, చాలు" అంది.

'పాపం, దీనికేం తెలుసు ఈ తుపాకీ సంగతి!' అని లోపల నవ్వుకున్నాను. పైకి మాత్రం, "నాకు చెప్పాల్నా మే" అని మీసం దువ్వాను. అప్పటికి మీసం ఇంకా సరిగా రాలేదు.

మర్నాడు సాయంత్రం ఊరంతా సరుగుడు తోపులో చేరింది. పల్లకీ దించారు. మేళం ఆగింది. జనమంతా నా వెనక నిలబడ్డారు. ఎదురుగా గుంజకు గుమ్మడికాయ వేలాడుతోంది. దానికి సరిగ్గా మూరెడు ఎడమన, ఎత్తుపీట మీద, మామిడాకులు కట్టిన చెంగయ్యగారి పానకం కుండ. తుపాకీ దెబ్బకు అంత దగ్గరగా పానకం పెట్టడమేమిటని మీరడగొచ్చు. వేట అయిన మరుక్షణం స్వామికి దాన్ని ఆరగింపు చేయాలి. అందుకని అక్కడే సిద్ధంగా ఉంచుతారు. మామ గురి ఏనాడూ బెత్తెడు కూడా తప్పలేదు కాబట్టి దానికి ప్రమాదముందని ఎవరికీ తోచలేదు.

ఆ కుండను చూడగానే నా గుండె ఉప్పొంగింది. ఇంటి దగ్గర గడ్డిపోచలు వెతుక్కునేవాణ్ణి. ఇక్కడ స్వామే దయతలచి నాకింత పెద్ద గుర్తు పెట్టించాడు! చేతులెత్తి పల్లకీకి మొక్కాను. తుపాకీ ఎత్తి, ఊపిరి బిగబట్టి, పానకం కుండ నడిమధ్యకు గురి పెట్టాను. నా జన్మలో అంత శ్రద్ధగా దేనికీ గురి పెట్టలేదు.

మీట నొక్కాను. 'టప్' మంది.

గుమ్మడికాయ కొంచెం కూడా ఊగలేదు. పానకం కుండ రెండుగా విడిపోయి, బెల్లం నీళ్ళు, మిరియాలు, యాలకులు అన్నీ ఇసకలో కలిశాయి. తోపంతా వినబడేలా చెంగయ్య కేక పెట్టాడు.

"చూసినారా! చూసినారా! మా కుండనే కొట్టినాడు! కావాలనే కొట్టినాడు!"

"కుర్రోడు, చెయ్యి వొణికి గురి తప్పిందిలే చెంగయ్యా" అన్నాడు మామ. ఆయన గొంతు మొదటిసారి చిన్నగా ఉంది.

"గురి తప్పితే నడిమధ్యన తగల్తాదా? అడుగు, మీవోణ్ణే అడుగు!"

మామ నా వైపు తిరిగాడు. "పెంచలా, స్వామి ఎదురుగా ఉండాడు. నిజం చెప్పు. దేనికి గురి పెట్టినావు?"

స్వామి ఎదురుగా ఉన్నాడు. నేనేం చేయను?

"పానకం కుండకే మామా" అన్నాను.

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో నాకు సరిగా తెలియదు. చెంగయ్య తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. ఆయన మనుషులు పంచెలు ఎగగట్టారు. మామ మనుషులు కూడా ఎగగట్టారు. మధ్యలో నేను, "అది కాదు మామా, కుండకు గురి పెడితే కాయకు తగల్తాది, అదీ దీని లెక్క" అని అరుస్తున్నాను. "ఇదేం లెక్కరా, బీయేలో నేర్పినారా!" అని ఎవరో అన్నారు. హక్కు పోయింది, మరదలు పోయింది, ఇక ప్రాణం ఒక్కటే మిగిలిందని నాకర్థమైపోయింది.

అప్పుడు ఆడవాళ్ళలోంచి కామాక్షి గబగబా ముందుకొచ్చింది. మొహం ఎర్రబడి ఉంది.

"నాయనా, బావని ఏమనబాకండి. నిన్న బొట్టు పెట్టేటప్పుడు పెరట్లో టెంకాయ చిప్పకి కొట్టి చూసినా. మూరెడు పక్కకి పోయింది. పాపం బావ రేపు ఎట్టా కొడతాడని, ఆ కొసనుండే ఇనుప ముక్కని పచ్చడిబండతో నాలుగు దెబ్బలు కొట్టి సరిచేసినా. ఇప్పుడది సూటిగా పోతాది."

తుపాకీ కొసన గురి చూసుకోవడానికి ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. గొట్టాన్నంతా చక్రంలో పెట్టి మెలితిప్పినవాడికి ఆ పిసరంత ముక్క ఏం కనబడుతుంది! చిన్నప్పటి నుంచి మామ పాత తుపాకీ తుడిచిన పిల్లకు మాత్రం కనబడింది. ఆమె తుపాకీని సరిచేసింది, నేను నన్ను వంకర చేసుకున్నాను. పెరట్లో వంకాయలన్నీ దండుగే.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు మే?" అన్నాను ఏడుపు గొంతుతో.

"చెప్పినా గదా, నడిమధ్యకి చూడమని! మీసం దువ్వితివే గానీ విన్యావా?"

మామకు అంతా అర్థమైంది. "సరే, ఇంకోసారి కొట్టు. ఈసారి కాయకే చూడు" అన్నాడు. తుపాకీ ఎత్తాను. ఒట్టేసి చెబుతున్నాను, నేను కాయకే చూశాను. కానీ ఇన్నాళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గొట్టం దానంతట అదే మెల్లగా ఎడమకు జరగడం మొదలుపెట్టింది. కుండ పెంకులు ఏరుకుంటున్న చెంగయ్య అది చూసి, "వామ్మో, మళ్ళీ ఇటే!" అని ఒక్క గెంతున సరుగుడు చెట్టు చాటుకు పోయాడు.

మామ నా చేతిలోంచి తుపాకీ లాక్కున్నాడు. ఒక్క క్షణం ఆలోచించి కూతురి చేతికిచ్చాడు. కామాక్షి పైట బొడ్లో దోపుకుని, గుండు పెట్టి, ఎత్తి, నడిమధ్యకు కొట్టింది. గుమ్మడికాయకు చిల్లు పడి ఎర్రనీళ్ళు ధారకట్టాయి. మేళం వాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

"ఆడపిల్ల కొట్టేదేందయ్యా?" అన్నాడు చెంగయ్య చెట్టు చాటు నుంచే.

"మా ఇంటిదా కాదా? హక్కు మా ఇంటిది" అన్నాడు మామ. ఆయన గొంతు మళ్ళీ పటాలానికి వచ్చేసింది.

"సరే, అట్టనే కానీ. మరి గుమ్మడికాయ కొట్టినోడికే కూతుర్నిస్తానంటివే. కొట్టింది నీ కూతురే గదా. ఇప్పుడెవరికిస్తావు?"

ఊరంతా నవ్వింది. ఇంత చిక్కు ప్రశ్న మామకు పటాలంలో కూడా ఎదురుకాలేదు. చివరికి, "కొట్టినోళ్ళ ఇష్టం! అమ్మే, నువ్వే చెప్పు" అన్నాడు.

కామాక్షి సిగ్గుపడి, తండ్రి చెవి దగ్గర మెల్లగా ఏదో చెప్పింది. మామకు మెల్లగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. పల్లకీలో ఉన్న స్వామికి, సముద్రం మీదున్న పడవలకు కూడా వినబడేలా కేక పెట్టాడు.

"తుపాకితోబాటు బావని కూడా ఇప్పించమంటాది! తీరిగ్గా కూసోని అతగాణ్ణి కూడా సరిచేసుకుంటాదంట!"

ఆ సరిచేయడం ఇంకా సాగుతూనే ఉంది. కాబట్టి నరసింహస్వామి సాక్షిగా, ఇసకలో కలిసిన పానకం సాక్షిగా, గోడ మీద ప్రాణాలు విడిచిన వంకాయలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో ఏ వస్తువు ఎంత వంకరగా పోయినా ఈ జన్మలో నా చేత్తో సరిచేయబోను. సరిచేశానని మా ఆవిడ చెబితే, నడిమధ్యకే చూస్తాను.